గుంటూరులో మగ్గం షాపు పెడుతున్న మేనకోడలికి

చిన్నీ,

బ్రాడీపేటలో షాపు మాట్లాడుకున్నావని, అడ్వాన్సు కూడా ఇచ్చేశావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అత్తకు చివర్లోనా చెప్పేది అని కోపం వచ్చిన మాట నిజం. నీ వాట్సాప్ స్టేటస్‌లో ఆ నెమలి జాకెట్టు ఫొటో పెద్దది చేసి చూశాక పోయింది. జర్దోసీ ఎక్కడా పైకి లేవలేదు, మెడ దగ్గర అంచు వంకర పోలేదు. ఇన్నేళ్ళుగా తెనాలిలో జాకెట్లు కుడుతున్నదాన్ని, నా కన్ను ఊరికే ఒప్పుకోదు. పని గురించి నీకు చెప్పేదేం లేదు. జనం నిన్ను ఎలా వెతుక్కుంటూ వస్తారన్నదే నా టెన్షన్.

పేరంటాల్లో “ఎవరి దగ్గర కుట్టించావు?” అని ఇప్పటికీ అడుగుతారు. కాకపోతే అడిగి ఊరుకోరు, ఇంటికెళ్ళి ఫోన్‌లో వెతుకుతారు. మ్యాప్‌లో ముందు ఎవర్ని చూపించాలన్న దానికి గూగుల్ వాళ్ళు బయటికి చెప్పే లెక్క మూడు ముక్కలు: వెతికినదానికి నీ పని సరిపోతుందా, వెతికే మనిషికి నువ్వు ఎంత దూరంలో ఉన్నావు, నీ షాపుకు ఎంత పేరుంది. దూరం నీ చేతిలో లేదు. లక్ష్మీపురంలో కూర్చుని వెతికిన పిల్లకు అక్కడి షాపులే ముందు వచ్చాయని ఏడవకు. మిగతా రెండూ చూసుకో.

గూగుల్ మ్యాప్‌లో షాపు కనపడాలంటే బిజినెస్ ప్రొఫైల్ అని ఒకటి పెట్టుకోవాలి, దానికి పైసా ఖర్చు లేదు. టైమింగ్స్ సరిగ్గా పెట్టు, పండగ సెలవులు ముందే మార్చు. మొదటి కేటగిరీ ఎంబ్రాయిడరీ సర్వీస్ అని పెట్టు, ఆ తర్వాత టైలర్, బొటిక్. అదనంగా తొమ్మిది దాకా పెట్టనిస్తారు కదా అని చెయ్యని పనులన్నీ పెట్టకు. మగ్గం వర్క్, పెళ్ళికూతురి జాకెట్టు, కుందన్ వర్క్ లాంటివి సర్వీసుల్లో విడివిడిగా రాసుకో.

బోర్డు ఇంకా రాయించలేదట కదా. ఆగు. బోర్డు మీద ఏ పేరుంటే మ్యాప్‌లోనూ అదే ఉండాలని వాళ్ళ రూలు. చాలామంది షాపు పేరు వెనక “బెస్ట్ మగ్గం వర్క్ ఇన్ గుంటూరు” అని తగిలిస్తారు. పక్క షాపువాళ్ళెవరో ఫిర్యాదు చేస్తే పేరు మార్చేస్తారు, ఒక్కోసారి ప్రొఫైలే ఆపేస్తారు. నువ్వు బోర్డు మీదే నీ పేరు పక్కన “మగ్గం వర్క్స్” అని రాయించుకుంటే ఏ గొడవా లేదు. “క్రియేషన్స్” అని రాయిస్తే నువ్వు జాకెట్లు చేస్తావో, పెళ్ళి పందిళ్ళు వేస్తావో ఎవడికి తెలుస్తుంది? బిల్లు బుక్కులో, ఇన్‌స్టాగ్రామ్‌లో, జస్ట్‌డయల్‌లో కూడా అదే పేరు, అదే అడ్రసు, అదే నంబరు ఉండాలి.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకు చెప్పి ఉండడు. చెప్పుకోడానికి వాడికి నామోషీ.

మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే షాపు నడిపిన రోజుల్లో, 2017లో అనుకుంటా, ఒక కుర్రాడు వచ్చి “అంకుల్, మిమ్మల్ని గూగుల్‌లో పెడతాను, నెలకు ఇంత ఇవ్వండి” అన్నాడు. అప్పట్లో దాన్ని గూగుల్ మై బిజినెస్ అనేవాళ్ళు. వెరిఫికేషన్‌కు ఐదంకెల కోడు పోస్టులో వచ్చేది. ఆ కవరు వచ్చిన రోజు నేను షాపులోనే ఉన్నాను. మీ నాన్న చేతులకున్న గ్రీజు గుడ్డకు తుడుచుకుని, కవరు చింపి, ఒక్కొక్క అంకె ఫోన్‌లో ఆ కుర్రాడికి గట్టిగా చదివి చెప్పాడు. అంత సంబరం! ఏ జీమెయిల్ మీద పెడుతున్నావురా అని మాత్రం అడగలేదు. వాడు తన జీమెయిల్ మీదే పెట్టుకున్నాడు. తన షాపు తాళంచెవి తన దగ్గర లేదని మీ నాన్నకు తెలియనే లేదు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. మంచి రివ్యూలు వచ్చాయి, ఎక్కడెక్కడి వాళ్ళో గ్రైండర్ రాళ్ళు కొట్టించుకోడానికి వచ్చారు. తర్వాత ఆ కుర్రాడు రేటు పెంచమన్నాడు. మీ నాన్న సంగతి తెలుసుగా, మాటకు మాట అనేశాడు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. సీజన్ లేదేమోలే అనుకున్నాడు. ఒకరోజు పాత కస్టమరు ఒకావిడ వచ్చి, “షాపు మార్చామని ఫోన్‌లో చెప్పారు, మళ్ళీ ఇక్కడే ఉన్నారేంటి?” అంది. తీరా చూస్తే మ్యాప్‌లో మీ నాన్న షాపు పేరు కింద వేరే రిపేరు షాపు నంబరుంది.

అప్పుడైనా నాకో మాట చెప్పాడా? లేదు. ఎవరో చెప్పారని అదే అడ్రసు మీద ఇంకో ప్రొఫైల్ పెట్టాడు. అది డూప్లికేట్ అని గూగుల్ పక్కన పెట్టింది. సంపాదించుకున్న రివ్యూలన్నీ పాతదానికే ఉండిపోయాయి. ఆ పాత ప్రొఫైల్‌నే “ఇది నాది” అని అడిగే దారి ఉంది. రిక్వెస్ట్ పెడితే అవతలి ఓనరుకు మూడు రోజులు టైమిస్తారు. పలక్కపోతే మనమే వెరిఫై చేసుకోవడానికి వీలు దొరకొచ్చు, కాదంటే అప్పీలు చేసుకోవచ్చు. మీ నాన్న ఇవేవీ చెయ్యలేదు. షట్టర్ దించుకుని రెండు రోజులు ఇంట్లో కూర్చున్నాడు. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు.

కాబట్టి విను. ప్రొఫైల్ నీ జీమెయిల్ మీదే, నీ చేత్తోనే పెట్టుకో. ప్రైమరీ ఓనరువి నువ్వే. ఎవరైనా సాయం చేస్తామంటే మేనేజరుగా చేర్చుకో, వద్దనుకున్న రోజు తీసెయ్యొచ్చు. పాస్‌వర్డు, ఓటీపీ ఎవ్వరికీ చెప్పకు, రేపు కట్టుకోబోయేవాడికి కూడా. నవ్వకు, నిజంగానే అంటున్నాను.

ఇప్పుడు వెరిఫికేషన్‌కు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. రోడ్డు, పక్క షాపులు, నీ బోర్డు, తాళం తీసి లోపలికెళ్ళడం, మగ్గం ఫ్రేము, అన్నీ మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. షట్టర్ నువ్వు ఎత్తు, ఫోన్ మీ నాన్న పట్టుకుంటాడు. అడుగు, కాదనడు.

నీ సొంత నంబరు మ్యాప్‌లో పెట్టకు తల్లీ. రాత్రి పదకొండింటికి ఎవడెవడో చేస్తాడు. నా షాపు నంబరుకు వచ్చే కాల్స్ సంగతి నాకు తెలుసు. వేరే సిమ్ నీ పేరు మీదే తీసుకుని, షాపు మూశాక ఆ ఫోన్ ఆపెయ్. కానీ రీఛార్జ్ మానకు, వాడకుండా వదిలేస్తే ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారు. షాపు తెరిచేదాకా ఇంట్లోనే పని చేస్తావట కదా, అప్పటిదాకా ఇంటి అడ్రసు ఎక్కడా పెట్టొద్దు. ఆడపిల్లవి, మీ అమ్మ మధ్యాహ్నం పూట ఒక్కతే ఉంటుంది.

వారానికోసారి నీ ప్రొఫైల్ నువ్వే వెతికి చూసుకో. దారినపోయే ఎవరైనా మార్పులు సూచించొచ్చు, “శాశ్వతంగా మూసేశారు” అని కూడా. పట్టించుకోకపోతే అది నిజమై కూర్చుంటుంది.

మనవాళ్ళు నోటితో ఎంతైనా పొగుడుతారు, నాలుగు ముక్కలు రాయమంటే రేపంటారు. జాకెట్టు వేసుకుని అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుంటారు చూడు, అప్పుడే అడగాలి. రివ్యూ రాసే పేజీకి వెళ్ళే క్యూఆర్ కోడు కౌంటరు మీద అంటించు. రివ్యూ రాస్తే డిస్కౌంటు అన్నావో, అది రూలుకు విరుద్ధం. డబ్బులకు రివ్యూలు రాయించే వాళ్ళను గుమ్మం దాటనివ్వకు. చెడ్డ రివ్యూ వచ్చిందా, ఆ పూట జవాబివ్వకు. అన్నం తిని, పడుకుని, మర్నాడు మర్యాదగా రాయి. మీ నాన్న నోరే నీదీ, అందుకే చెప్తున్నాను.

ఫొటోలు ట్యూబులైటు కింద తియ్యకు, కుందన్లు తెల్లగా మెరిసిపోయి డిజైనే కనపడదు. పొద్దున్న గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడకుండా తియ్యి. మెడ, చెయ్యి, వెనక దోరీలు విడివిడిగా. శ్రావణమాసం రద్దీ మొదలవ్వకముందే పెళ్ళి జాకెట్ల ఫొటోలన్నీ ఎక్కించెయ్, అప్పుడు నీకు తీరిక ఉండదు. పింటరెస్ట్ ఫొటో మాత్రం ఒక్కటి కూడా పెట్టకు. అదే కావాలని వచ్చి కూర్చుంటారు.

“గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మ్యాప్‌లో మొదటి ప్లేసు ఇస్తాం” అని ఫోన్ వస్తే పెట్టెయ్. డబ్బు కడితే మ్యాప్‌లో ఆ వరస మారదని గూగులే రాసింది. ప్రకటనలు వేరు, వాటి మీద స్పాన్సర్డ్ అని ఉంటుంది. అవి ఇప్పుడే వద్దు.

నా ఆకుపచ్చ పట్టుచీరకు జాకెట్టు ముక్క, కొలత జాకెట్టు బస్సులో పంపిస్తున్నాను. చేతులకు సన్నగా మామిడి పిందెలు చాలు, వీపంతా నింపకు. డబ్బులు పూర్తిగా తీసుకో. రివ్యూ మాత్రం అడగొద్దు, సొంతవాళ్ళు రాయకూడదట.

మీ అత్త
తెనాలి