మోకాళ్ల మీద తీసిన ఫొటో

సింధూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. చెన్నైలో మిగిలిన తెల్లదొరల విగ్రహాలన్నీ ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతావట, తర్వాత ఎగ్జిబిషన్ కూడా చేస్తావట. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మతో రెండుసార్లు అన్నాను, మన ఇంట్లో నా తర్వాత కెమెరా పట్టింది ఇదొక్కతేనని. ఆ తర్వాత ఎంతకీ నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఇది రాస్తున్నాను.

సెయింట్ జార్జ్ కోటలో సెక్రటేరియట్ ఉంది, మిలిటరీ ఉంది. ఐడీ కార్డు దగ్గర పెట్టుకో, గేటు దగ్గర అడగకుండా కెమెరా బయటికి తీయకు. ట్రైపాడ్‌కి విడిగా అడగాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నాకు టెన్షన్ అంతా జనరల్ నీల్ గురించి.

1986లో నాకు ఇరవయ్యేడేళ్లు. ఒక పత్రికవాళ్లు పాత మద్రాసు మీద ప్రత్యేక సంచిక వేస్తూ, ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్న నీల్ విగ్రహం ఫొటో తెమ్మన్నారు. అది ఒకప్పుడు మౌంట్ రోడ్డులో ఉండేదని, తీసేయాలని 1927లో సత్యాగ్రహం జరిగిందని, 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాకే అక్కణ్ణించి కదిలిందని చదువుకుని వెళ్లాను. అంతవరకే చదివాను. ఆ మనిషి ఏం చేశాడో చదవలేదు.

ముందు నిలబడి నాలుగైదు తీశాను. పక్కనే వాచ్‌మన్ స్టూలు, దాని మీద టిఫిన్ క్యారియర్. అవి ఫ్రేములో పడుతున్నాయని చిరాకుపడి జరిపించాను. అప్పుడు 24 ఎంఎం లెన్స్ వేసి మోకాళ్ల మీద కూర్చుని కిందినుంచి పైకి తీశాను. కిటికీ వెలుగు సరిగ్గా చెంప మీద పడింది. బూట్లు పెద్దవిగా, గడ్డం పైకెత్తి, వెనక చీకటి. ప్రింటు డెవలపర్ ట్రేలో పైకి తేలుతుంటే నా గుండె ఎంత కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. పత్రికలో నిండు పేజీ వేశారు. కింద సత్యాగ్రహం గురించి నేను రాసిచ్చిన నాలుగు వాక్యాలకి చోటు లేదని పేరు, సంవత్సరం మాత్రం ఉంచారు. అప్పుడు నేనేమీ అనలేదు. మా అమ్మ పది కాపీలు కొనిపించింది.

వారం తర్వాత ఒక పెద్దాయన స్టూడియోకి వచ్చాడు. ఖద్దరు చొక్కా, చేతిలో గొడుగు, మాటలో నెల్లూరు యాస. చంకలో ఆ పత్రిక. "ఇది తీసింది నువ్వేనా బాబూ?" అన్నాడు. మెచ్చుకోవడానికి వచ్చాడనుకుని కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"మోకాళ్ల మీద కూర్చుని తీశావు కదూ?"

అవునన్నాను.

"వీణ్ణి కిందికి దించాలని ఇరవయ్యేళ్ల వయసులో జైలుకెళ్లాను. నువ్వు మళ్లీ పైకెక్కించావు," అన్నాడు. గొంతు పెంచలేదు. కాన్పూర్‌లో వీడేం చేశాడో తెలుసా అని అడిగాడు. తెలీదన్నాను. నిలబడే మొత్తం చెప్పాడు. 1857 సిపాయిల తిరుగుబాటప్పుడు, జూన్‌లో మద్రాసు ఫ్యూజిలియర్స్ దళంతో అలహాబాద్ చేరి ఊళ్లు తగలబెట్టించాడు, దొరికినవాణ్ణి దొరికినట్టు ఉరి తీయించాడు. జూలైలో కాన్పూర్‌లో బీబీఘర్ అనే ఇంట్లో ఇంగ్లీషు ఆడవాళ్లనీ పిల్లలనీ మనవైపువాళ్లు చంపారు. అది ఘోరమే, దాన్ని దాచొద్దు అని ఆ పెద్దాయనే అన్నాడు. కానీ అలహాబాద్ అంతకు ముందే జరిగింది. కాన్పూర్ చేరాక నీల్ ఖైదీలని ఆ ఇంట్లోకి ఈడ్పించి, ఉరికి ముందు నేల మీది రక్తం తుడిపించాడు, నాలుకతో నాకించాడు. "మోకాళ్ల మీద కూర్చోబెట్టే కదయ్యా!" అన్నాడు. నా నోట మాట రాలేదు.

కాసేపటికి మిగతావి చూపించమన్నాడు. రోలులోని ఫ్రేములన్నీ చిన్నచిన్నగా ఒకే కాగితం మీద వేసిన కాంటాక్ట్ షీట్, భూతద్దం ఇచ్చాను. ఒక్కొక్క ఫ్రేమూ చూసి, స్టూలూ క్యారియరూ పడ్డ దాని మీద వేలు పెట్టాడు. "ఇది వేయాల్సింది." అంతే, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

తీయొద్దని చెప్పడం లేదమ్మా. తియ్యి, తప్పకుండా తియ్యి. కానీ నువ్వు కింద ఎంత బాగా రాసినా గంటలో ఎవడో స్క్రీన్‌షాట్ తీస్తాడు, నీ రాత పోతుంది, బొమ్మ మిగులుతుంది. దాన్ని వాట్సాప్‌లో వీరుడని తిప్పుతారు. నేను భయపడేది దానికే. అందుకని చెప్పాల్సింది ఫ్రేములోనే ఉండాలి. గోడ, లేబుల్, దుమ్ము, పక్కన ఆవులించే మనిషి, ఏది ఉంటే అది ఉండనీ. నీల్ కళ్ల ఎత్తుకి స్టూలెక్కు, కిందికి మాత్రం దిగకు.

కోట మ్యూజియంలో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ విగ్రహం దగ్గర మాత్రం కిందికి వంగు. ఆ పీఠం మీద టిప్పు కొడుకులిద్దరినీ 1792లో బందీలుగా అప్పగించే దృశ్యం చెక్కి ఉంటుంది. చిన్నపిల్లలు. వాళ్లని తెచ్చి ఉంచింది ఈ మద్రాసులోనే. ఆ పిల్లల ఎత్తుకి కెమెరా దించు, పైనున్న దొర తల తెగిపోయినా ఫరవాలేదు.

అందరినీ ఒక్క గాటన కట్టకు. ఐలాండ్ దగ్గర గుర్రమెక్కిన మద్రాసు గవర్నర్ మన్రో పేరు మన సీమలో ఇప్పటికీ ప్రేమగా తలుచుకుంటారు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. మా అవ్వ ఆయన పేరెత్తితే చెయ్యెత్తి దండం పెట్టేది. అలాగని ఆయనా దొరల ప్రభుత్వం మనిషే. అవ్వ దండాన్నీ ఆ సంగతినీ రెంటినీ మనసులో పెట్టుకుని తియ్యి.

పోయిన నెల కోటలో ఫిరంగి మీద కూర్చుని నవ్వుతూ దిగిన ఫొటో పెట్టావు. చూశాను. ఇవాళే తీసెయ్. కోపంతో అనడం లేదు. నీ నవ్వు నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు, అది అక్కడ ఉండకూడదు.

ఆదివారం ఇంటికి రా. మీ పెద్దమ్మ ఉగ్గాని చేస్తానంటోంది. ఆ రోలు నెగెటివ్‌లు బీరువాలో ఇంకా ఉన్నాయి. స్టూలు పడ్డ ఫ్రేము నీకిస్తాను. నీకు ఇష్టమైతే నీ ఎగ్జిబిషన్‌లో పెట్టుకో.

మీ పెదనాన్న