యుద్ధాలు, కరువులు ఉన్నచోట వైద్యసాయం చేసే సంస్థల్లో చేరాలంటే డాక్టరో నర్సో అయి ఉండాల్సిందేనా? నేను బీకాం చదివాను.

అక్కర్లేదు. నేను నర్సును, అయినా ఈ మాట ధైర్యంగా చెప్తాను. 2009 నుంచి మూడేళ్లు అప్పటి ఖమ్మం జిల్లా ఏజెన్సీలో, చింతూరు వైపు ఒక స్వచ్ఛంద సంస్థ సంచార వైద్య బృందంలో పనిచేశాను. డాక్టరు రాని రోజున కూడా క్లినిక్ నడిపాం. మందులు తక్కువైన రోజున ఉన్నవాటితో నెట్టుకొచ్చాం. అక్కడి ఆదివాసీల భాష కోయ తెలిసిన కుర్రాడు రాని రోజు మాత్రం మధ్యాహ్నానికే అన్నీ సర్దుకుని వెనక్కి వచ్చేశాం.

యుద్ధం అంటే మనవాళ్లకు టీవీలో కనిపించే సూడాన్, గాజాలే గుర్తొస్తాయి. మన పక్కనే, 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు ఎదురుగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ దళం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్ వైపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అటు మావోయిస్టులు, ఇటు జుడుం, మధ్యలో నలిగిపోయిన జనం వేల సంఖ్యలో అడవిదారుల్లో నడిచి ఖమ్మం జిల్లాలోకి వచ్చారు. మనం గుత్తికోయలంటాం. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం చెల్లదని తీర్పు చెప్పింది, కానీ అప్పటికే ఇక్కడ పోడు కొట్టుకుని, ఇక్కడే పిల్లల్ని కన్నవాళ్లు చాలామంది.

2010 ఆగస్టులో ఒక రోజు సంగతి చెప్తాను. వానలకు జీపు వెళ్లే దారి లేదు. మందుల పెట్టెలు మోసుకుని రెండు గంటలు నడిచి, ఒక చింతచెట్టు కింద టార్పాలిన్ కట్టాం. అరవై మందికి పైగా వచ్చారు. సగం మందికి చలిజ్వరం. మలేరియా కిట్ మీద రక్తపు చుక్క వేసి, ఇరవై నిమిషాలు ఆగి, గీత చూసి మాత్రలివ్వాలి. మా కుర్రాడు ఆ వరుస దగ్గర ఉన్నాడు. వాడిది పక్క ఊరే, ఏడో తరగతితో చదువు ఆపేశాడు.

ఒక తల్లి ఏడాదిన్నర బిడ్డను తెచ్చింది. మోచేతికి పైన, దండచేతికి టేపు చుట్టి చూస్తే 10.4 సెంటీమీటర్లు. 11.5 కంటే తగ్గితే ఎరుపు, అంటే ప్రాణానికే ముప్పు. ఒళ్లు కాలిపోతోంది. కిట్ మీద ఫాల్సిపారం గీత పడింది, అంటే ప్రాణాలు తీసే రకం మలేరియా. "ఏమన్నా తింటున్నాడా అమ్మా?" అని తెలుగులోనే సైగలు చేస్తూ అడిగాను. ఆమె ఏదో చెప్పింది. అందులో నాకు తెలిసింది ఒక్క మాటే, "ఏరు". రెండుసార్లు అంది, చేయి కూడా చూపించింది. ఏరు పొంగుతోంది, త్వరగా దాటి వెళ్లాలి అంటోందని అనుకున్నాను. వచ్చేటప్పుడు నేనూ ఆ ఏరు దాటే వచ్చాను కదా! బిడ్డ తింటాడో లేదో అక్కడే కూర్చోబెట్టి చూడాల్సిన పరీక్ష ఒకటుంది. ఆమెను ఆలస్యం చేయకూడదని అది మానేసి, మలేరియా మాత్రలు, ఎండిపోయిన పిల్లలకు పెట్టే వేరుశనగ ముద్ద ప్యాకెట్లు వారానికి సరిపడా సంచిలో వేసిచ్చాను.

అప్పుడే మా కుర్రాడు వచ్చి ఆమెతో రెండు ముక్కలు మాట్లాడాడు. వాడి ముఖం మారిపోయింది. "అక్కా, మూడు రోజుల నుంచి నీళ్లు తప్ప ఏమీ తీసుకోవట్లేదంట. పాలు కూడా తాగట్లేదంట."

వాళ్ల భాషలో ఏరు అంటే నీళ్లు.

ప్యాకెట్ చింపి ముద్ద నోటికి అందిస్తే బిడ్డ మొహం తిప్పేసుకున్నాడు. అలా ముద్ద ముట్టని బిడ్డను ఇంటికి పంపకూడదు, ఆసుపత్రిలోనే ఉంచాలి. ఆ సంచితో పంపేసి ఉంటే ఆ రాత్రి గడిచేది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

ఇద్దరం వంతులేసుకుని ఎత్తుకుని జీపు దాకా నడిచాం. ఆసుపత్రిలో ముందు అడిగింది రేషన్ కార్డు, తర్వాత ఊరు పేరు. ఆమె తలదించుకుంది. తగలబడిన ఊరి పేరు చెప్పాలా, అడవిలో ఎవరూ గుర్తించని గుడిసెల పేరు చెప్పాలా? అక్కడ ఎస్టీగా ఉన్నవాళ్లకు ఇటు దాటగానే కుల ధ్రువపత్రం కూడా దొరకదు. ఇది పద్ధతి కాదు. 2014లో రాష్ట్రం విడిపోయి, చింతూరు వైపు మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రలో కలిశాక వాళ్ల బతుకులు మరో కొత్త ఆఫీసు గుమ్మం ముందుకు చేరాయి, అంతే.

కోయ తెలిసిన మా కుర్రాడు ఆ తల్లీబిడ్డలతో తొమ్మిది రోజులు వార్డులోనే ఉన్నాడు. అంతలా ఎండిపోయిన బిడ్డకు మొదట్లో రెండు మూడు గంటలకోసారి కొలిచిన పాలు కొద్దికొద్దిగానే పట్టాలి. ఒక్కసారిగా ఎక్కువ పెడితే గుండె తట్టుకోదు. ఆకలి తిరిగొచ్చి బిడ్డ ఏడుస్తుంటే, ఇంకా ఎందుకు పోయరో తల్లికి ఎవరు చెప్పాలి? వార్డుల్లోంచి రాత్రికి రాత్రి వెళ్లిపోయే తల్లుల్ని "మొండివాళ్లు, చెప్పినా వినరు" అంటారు. వాళ్లకు అర్థమయ్యే మాటలో చెప్పినవాళ్లే లేరు, వినకపోవడం ఎక్కడిది? మా నర్సింగ్ కాలేజీలో ఇంగ్లిషులో మాట్లాడడానికి ప్రత్యేకంగా క్లాసులుండేవి. ఏజెన్సీలో ఉద్యోగాలకు వెళ్లే మాకు కోయ ముక్క ఒక్కటీ నేర్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. ఆదివారం కార్లలో వచ్చి, విటమిన్ సీసాలు పంచి, పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగి వెళ్లే క్యాంపుల మీద కూడా అంతే కోపం. ఆ సీసా ఎంత పోయాలో ఎవరు చెప్పారు వాళ్లకు?

డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ పేరు వినే ఉంటారు. 1971లో పారిస్‌లో దాన్ని పెట్టినవాళ్లలో డాక్టర్లతో పాటు విలేకరులూ ఉన్నారు. ఇవాళ్టికీ అలాంటి సంస్థల్లో నీటి ఏర్పాట్లు చూసేవాళ్లు, డ్రైవర్లు, స్టోరు చూసేవాళ్లు, దుబాసీలు లేకపోతే పని ఒక్క అడుగు కదలదు. జీతాల పట్టీలో దుబాసీ పేరు అట్టడుగున ఉండటమే నాకు నచ్చదు. మా కుర్రాడికి ఇచ్చింది రోజుకూలీ.

మీరు బీకాం అన్నారు కాబట్టి స్టోరు పనికి దరఖాస్తు చేయండి. జూన్‌లో వానలు పడకముందే ఏ ఊరికి ఎన్ని కిట్లు, ఎన్ని మలేరియా కోర్సులు చేరాలో లెక్కగట్టే మనిషి లేక, ఒక జూలైలో మాకు పిల్లల మోతాదు మాత్రలు పదకొండు రోజులు లేవు. దరఖాస్తుకు జవాబు వచ్చేలోపు చింతూరు సంతకు నాలుగు వారాలు వెళ్లి కూర్చోండి. నీళ్లు, జ్వరం, పాలు, నొప్పి, ఎన్ని రోజులు. ఈ ఐదూ కోయలో అడగడం నేర్చుకుని రండి.