స్లైడ్ ఫిల్మ్ ఇంట్లో కడగాలా, ల్యాబ్‌కి ఇవ్వాలా?

చెల్లెలి పెళ్లిలో తీసిన మూడు ఎక్టాక్రోమ్ ఈ100 (కొడాక్ స్లైడ్ ఫిల్మ్) రోల్స్ ఉన్నాయి, చెన్నైలో ఇంట్లోనే కడుక్కోవచ్చా అని అడిగారు. ఆ మూడూ ల్యాబ్‌కే ఇవ్వండి. నేను అడయారులో మా ఇంట్లోనే కడుగుతాను, మీరూ తప్పకుండా నేర్చుకోండి. కానీ పెళ్లి ఫోటోల మీద నేర్చుకోవద్దు.

నెగటివ్‌లో కాస్త తేడా వచ్చినా స్కాన్ చేసేటప్పుడు సర్దుకోవచ్చు. స్లైడ్ అంటే ఫిల్మ్ మీదే నేరుగా అసలు రంగుల్లో బొమ్మ వచ్చేది. దానికి ఆ వెసులుబాటు చాలా తక్కువ, కడిగే ట్యాంకులోంచి వచ్చిందే అసలు బొమ్మ. స్లైడ్ ఫిల్మ్ కడిగే పద్ధతైన ఈ-6లో మొదటి డెవలపరే (బొమ్మని తేల్చే మొదటి కెమికలే) ప్రాణం. దాన్ని 38 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి, అటూ ఇటూ 0.3 డిగ్రీలకు మించి పోకూడదు. వేడి గానీ టైమ్ గానీ ఎక్కువైతే బొమ్మ పలచబడుతుంది, తక్కువైతే నల్లబడుతుంది.

యూట్యూబ్‌లో అందరూ నీళ్లు ఎలా వేడి చేయాలో చెప్తారు. మే నెలలో మన తిప్పలన్నీ చల్లార్చడంతోనే! మేడ మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలుతుంటాయి. సూవీడ్ హీటర్ (నీళ్లని ఒకే వేడిలో ఉంచే వంటింటి పరికరం) వేడి చేస్తుంది గానీ చల్లబరచదు. అందుకే వేసవిలో నేను వాష్‌కి కావాల్సిన నీళ్లు ముందురోజు రాత్రే బకెట్లలో పట్టి ఉంచి, తెల్లవారకముందే మొదలుపెడతాను. డిసెంబరు, జనవరిల్లో ఈ గొడవ ఉండదు. ఇక ఉక్కపోత సంగతి: ఛేంజింగ్ బ్యాగులో (ఫిల్మ్ లోడ్ చేసే, వెలుతురు చొరబడని సంచిలో) చేతులకు చెమట పట్టిందంటే ఫిల్మ్ దాన్ని చుట్టే ప్లాస్టిక్ స్పైరల్‌కి అతుక్కుని ముందుకి కదలదు. ఏసీ గదిలో లోడ్ చేయండి. కెమికల్స్ కలపడానికి బోరు నీళ్లు వాడకండి, డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి.

కిట్ (ఈ-6 కెమికల్స్ సెట్) ఒకసారి కలిపాక డెవలపర్ గాలి తగిలి వారాల్లోనే పాడవుతుంది. ఎప్పుడో ఒక రోల్ తీసేవాళ్లకి ఇంట్లో గిట్టుబాటు కాదు. తీసిన రోల్స్‌ని జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో దాచి, కొన్ని పోగయ్యాక కలిపి కడిగితేనే లాభం.

ల్యాబ్‌కి ఫోన్ చేసినప్పుడు గట్టిగా అడగండి: ఈ-6 మీరే కడుగుతారా, వేరే ఊరు పంపుతారా? ఎన్నాళ్లకోసారి కడుగుతారు? కంట్రోల్ స్ట్రిప్ (కెమికల్స్ సరిగ్గా ఉన్నాయో చూసే పరీక్ష ఫిల్మ్ ముక్క) వేసి చూస్తారా? రోల్స్ పెద్దగా రాని చోట కెమికల్స్ నిలవ ఉండిపోయే అవకాశం ఉంది. అలాంటి ల్యాబ్ కంటే తాజా కిట్‌తో ఇంట్లో కడిగిందే మేలని నా గట్టి అభిప్రాయం. రోల్ మీద మార్కర్‌తో పెద్దగా ఈ-6 అని రాయండి. పొరపాటున సీ-41లో (కలర్ నెగటివ్‌లు కడిగే పద్ధతిలో) వేస్తే వింత రంగుల నెగటివ్ వస్తుంది, దాన్ని మళ్లీ స్లైడ్‌గా మార్చలేరు.

ఇంట్లో మొదలుపెట్టేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి, కలర్ డెవలపర్ కొందరి చర్మానికి పడదు. వాడేసిన బ్లిక్స్‌లో (బ్లీచ్, ఫిక్సర్ కలిసిన కెమికల్‌లో) వెండి ఉంటుంది, సింకులో పోయకుండా వేరే క్యాన్లో పట్టండి. మొదటి రోల్‌కి బీసెంట్ నగర్ బీచ్‌లో పొద్దుటెండలో ఒకే దృశ్యాన్ని వెలుతురుని అర స్టాప్ (కెమెరాలో వెలుతురు కొలత) చొప్పున మారుస్తూ తీయండి. కెమెరా మీటర్ సరైన వెలుతురని చెప్పిన ఫ్రేమే బాగా వస్తే మీ డెవలపింగ్ దారిలో ఉన్నట్టు. దాని పక్క ఫ్రేములు బాగున్నాయంటే టైమ్‌నో వేడినో ఎటు సరిచేయాలో వాటిని చూస్తే తెలిసిపోతుంది.