దగ్గరికి వస్తే పురి విప్పే నెమలి: అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి విజయవాడలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. కిందటి దసరాకు ఇంట్లో బొమ్మల కొలువు కోసం అట్టతో, చిన్న మోటార్లతో ఒక నెమలిని చేసింది. ఎవరైనా దగ్గరికి వస్తే అది పురి విప్పుతుంది, వెళ్లిపోతే ముడుచుకుంటుంది. అప్పటినుంచి ఇలాంటివి చేయడమే తన వృత్తి అంటోంది. వాళ్ల నాన్నగారు సీఎస్‌ఈలో చేర్చాలంటున్నారు. దీనితో జీవనం గడుస్తుందా? ఏం చదివించాలి? వర్క్‌షాపుల్లో ఆడపిల్ల నెగ్గుకు రాగలదా? ఖరీదైన రోబోటిక్స్ కిట్ కొనమంటోంది, కొనాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన మాట ‘వెళ్లిపోతే ముడుచుకుంటుంది’ అన్నది. పురి విప్పించడం కష్టమేమీ కాదు, వీడియోలు చూసి చాలామంది పిల్లలు చేస్తున్నారు. మనిషి వెళ్లిపోయాడని నెమలికి ఎలా తెలియాలి, తెలిశాక ఎంతసేపు ఆగి ముడుచుకోవాలి, సగం ముడుచుకున్నాక ఇంకొకరు వస్తే ఏం చేయాలి? ఇంతవరకు ఆలోచించిన పిల్ల తన ఇష్టాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. మీరు కూడా తీసుకోవద్దు.

కోర్సు సంగతి తేల్చే ముందు మీరిద్దరూ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ నెమలి మొరాయించినప్పుడు ఏం చేసిందో అడగండి. అలాంటి బొమ్మ మొదటిసారి నడిపినప్పుడు రెండు తిప్పలు దాదాపు అందరికీ ఎదురవుతాయి. అరవై సెంటీమీటర్ల లోపుకి మనిషి వస్తే విప్పుకోమని ప్రోగ్రాం రాస్తారు. చూసేవారు సరిగ్గా ఆ హద్దు మీద నిలబడితే సెన్సర్ ఒకసారి యాభై తొమ్మిది అంటుంది, మరుక్షణం అరవై ఒకటి అంటుంది (దూరం సెంటీమీటర్లలో). ఈకలు వణుకుతూ ఉండిపోతాయి. అరవై లోపుకి వస్తే విప్పుకో, తొంభై దాటితేనే ముడుచుకో అని రెండు హద్దులు పెడితే వణుకు పోతుంది. రెండోది కరెంటు తిప్పలు. చెప్పిన కోణానికి తిరిగి ఆగే సర్వో మోటార్లకు కరెంటును, ప్రోగ్రాంను నడిపే ఆర్డునో అనే చిన్న బోర్డు నుంచే ఇస్తే అవి కదిలిన క్షణంలో వోల్టేజి పడిపోయి బోర్డు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. మోటార్లకు వేరే సప్లయి ఇచ్చి గ్రౌండు వైర్లను మాత్రం కలపాలి. అమ్మాయి వీటిని తనంతట తాను కనిపెట్టినా సరే, ఎవరినో అడిగి తెలుసుకున్నా సరే. విసుగొచ్చి పక్కన పడేసి ఉంటే మాత్రం ఇంకొక బొమ్మ చేసే దాకా నిర్ణయం ఆపండి. ఈ పనిలో ఎక్కువ కాలం గడిచేది నడవని వాటిని నడిపించడంలోనే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కులు కూడా ఉన్నాయి. మనుషుల రాకను పసిగట్టడానికి చవకగా దొరికే పీఐఆర్ సెన్సర్ ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడాను బట్టి పనిచేస్తుంది. మే నెల బెజవాడలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఏసీ లేని హాల్లో ఆ తేడా బాగా తగ్గిపోతుంది, సెన్సర్ మనిషిని పట్టుకోలేకపోవచ్చు. పైగా దానికి కదలిక కావాలి. ముచ్చటపడి కదలకుండా నిలబడి చూసే పెద్దావిడ దాని లెక్కలో అక్కడ లేనట్టే. శబ్దాన్ని పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ వాడితే మెత్తటి చీర కుచ్చిళ్లు శబ్దాన్ని కొంత పీల్చేస్తాయి, పక్కకు తిరిగి నిలబడిన మనిషి మీద పడిన శబ్దం ఇంకో దిక్కుకు పోతుంది. కాబట్టి ఈ పని చేసేవారు మనుషులు ఎలా నడుస్తారో, ఎక్కడ ఆగుతారో, పిల్లలు ముందుగా ఎక్కడ చెయ్యి పెడతారో గంటల తరబడి చూస్తూ కూర్చోవాలి. మీ అమ్మాయికి ఆ ఓపిక ఉందా అన్నది ఆమె మార్కుల కన్నా ముఖ్యమైన సంగతి.

నాన్నగారికి ఇది పిల్లల ఆటలా కనిపించడం సహజమే. ఆయనకు ఈ నాలుగు సంగతులు చెప్పండి. వేలాడుతూ గాలికి కదిలే ‘మొబైల్’ అనే శిల్పాలతో ప్రపంచానికి పరిచయమైన అలెగ్జాండర్ కాల్డర్ 1919లో మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. 1970లో నెదర్లాండ్స్‌లోని ఐంథోవెన్‌లో ఫిలిప్స్ సంస్థ ప్రదర్శనశాల కోసం ఎడ్వర్డ్ ఇహ్నాటోవిచ్ ‘సెన్‌స్టర్’ను తయారు చేశాడు. పదిహేను అడుగుల పొడవైన ఉక్కు గొట్టాల జీవి అది. మెల్లగా మాట్లాడితే తల వంచి దగ్గరికి వచ్చేది, గట్టిగా అరిచినా హఠాత్తుగా కదిలినా వెనక్కి తగ్గేది. హైడ్రాలిక్స్, మైక్రోఫోన్లు, రాడార్, ఆ కాలపు కంప్యూటర్ కలిసి చేసిన పని. 1999లో డానియెల్ రోజిన్ చేసిన చెక్క అద్దంలో 830 చెక్క ముక్కలు ఉన్నాయి. ఎదురుగా నిలబడిన మనిషిని కెమెరా చూస్తుంది, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క మోటారు వంచుతుంది, వెలుగు నీడల్లో మన రూపం కనిపిస్తుంది. సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో 2012లో పెట్టిన ‘కైనెటిక్ రెయిన్’లో 1,216 లోహపు చినుకులు సన్నటి ఉక్కు తీగలకు వేలాడుతూ పైకీ కిందికీ కదులుతాయి. అది చూసేవారికి స్పందించదు, ముందే రాసిన ప్రోగ్రాం ప్రకారం నడుస్తుంది. ఒక విమానాశ్రయం డబ్బు పెట్టి చేయించుకున్న పని అన్నది నాన్నగారు గమనించాల్సిన విషయం.

ఇక జీవనం సంగతి. ‘కదిలే శిల్పాల కళాకారిణి’ అనే పేరుతో నెలజీతం ఉద్యోగ ప్రకటన రాదు. అదే నైపుణ్యం అవసరమయ్యే చోట్లు మాత్రం చాలా ఉన్నాయి. మ్యూజియంలకు, ప్రదర్శనలకు ఏర్పాట్లు చేసే డిజైన్ సంస్థలు, సైన్స్ కేంద్రాలు, రంగస్థలం, సినిమా యాంత్రిక బొమ్మలు, ఆటవస్తువులు, రోబోటిక్స్, ఉత్పత్తుల డిజైన్ అలాంటివే. కోల్‌కతా కేంద్రంగా ఉన్న జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి పిల్లలు చేత్తో తిప్పి, నొక్కి చూసే ప్రదర్శన వస్తువులను సొంతంగా తయారు చేస్తుంది. తిరుపతిలోని ప్రాంతీయ సైన్స్ కేంద్రం దానిదే, ఒక ఆదివారం అమ్మాయిని తీసుకెళ్లి చూపించండి. సొంతంగా కళాఖండాలు చేసి వాటితోనే బతకడం మొదటి కొన్నేళ్లలో కష్టం, ఆ మాట దాచను. పని వస్తూ పోతూ ఉంటుంది, డబ్బు ఆలస్యంగా చేతికందుతుంది, బిగించి వచ్చిన బొమ్మ నెలకే ఆగితే మళ్లీ మనమే వెళ్లాలి. అందుకే ఏ పని ఒప్పుకున్నా అడ్వాన్సు ఎంత, మరమ్మతులు ఎంత కాలం ఎవరు చూస్తారు అన్నది కాగితం మీద రాసుకోవడం అమ్మాయికి ఇప్పటినుంచే అలవాటు చేయండి. వినాయక చవితి పందిరికి కదిలే బొమ్మ చేసి ఇచ్చినా ఆ కాగితం ఉండాలి.

కోర్సుల్లో నా మొగ్గు బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీ వైపు. అందులో ఇండస్ట్రియల్ డిజైన్ అయితే ఈ పనికి బాగా దగ్గర. మీకు జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ అమరావతి శాఖమూరులోనే ఉంది. దానికి డాట్ అనే పరీక్ష ప్రిలిమ్స్, మెయిన్స్‌గా రెండు దశల్లో జరుగుతుంది. ఐఐటీ హైదరాబాద్, గౌహతి, బొంబాయి వంటి చోట్ల బీడిజైన్ సీటుకు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్ ఏ గ్రూపు వారైనా రాయవచ్చు, కానీ వరుసగా రెండేళ్లలో రెండు ప్రయత్నాలే అనుమతిస్తారు. రెండింటికీ దరఖాస్తులు ఇంటర్ పరీక్షలకు నెలల ముందే ముగిసిపోతాయి. మన జిల్లాల్లో ఎంపీసీ పిల్లలు ఈ సీట్లు పోగొట్టుకునేది ఎక్కువగా తేదీ దాటిపోవడం వల్లనే, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. రెండూ బొమ్మలు గీయగలగడాన్ని, చూసినదాన్ని ఆలోచించి మార్చగలగడాన్ని పరీక్షిస్తాయి. అందుకని రోజూ ఒక అరగంట చేతులు, కీళ్లు, నడిచే మనుషులు, తిరిగే పనిముట్లు గీయమనండి.

ఆ సీటు రాకపోతే దారి మూసుకుపోదు. ఈఏపీసెట్‌తో మెకానికల్ గానీ ఈసీఈ గానీ చేసి, తర్వాత సీడ్ అనే పరీక్ష రాసి డిజైన్‌లో పీజీ అయిన ఎండిజైన్‌కు వెళ్లవచ్చు. ఎన్‌ఐడీ గాంధీనగర్ ప్రాంగణంలో న్యూ మీడియా డిజైన్ అనే పీజీ కోర్సు ఉంది, మీ అమ్మాయి కోరుకునేది అక్కడ సరిగ్గా ఒదుగుతుంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు ప్రాంగణం అందం చూసి మురిసిపోకుండా వర్క్‌షాపు తలుపు తెరిపించి చూడండి. లేత్ మీద దుమ్ము ఉందా, ఇనుప రజను ఉందా? రజను ఉంటే పిల్లల చేత పని చేయిస్తున్నారని అర్థం. నాన్నగారి మాట కూడా తీసిపారేయదగినది కాదు. కెమెరాతో మనిషి కదలికను గుర్తించడం పూర్తిగా ప్రోగ్రామింగ్ పనే. నా అభ్యంతరం సీఎస్‌ఈ మీద కాదు. ఇంత చేతిపని ఉన్న పిల్ల నాలుగేళ్లు స్క్రీను తప్ప ఇంకేమీ ముట్టుకోకుండా గడపడం మీద. చివరికి సీఎస్‌ఈనే ఖాయమైతే ఏడాదికి ఒక బొమ్మ పూర్తిచేసి పదిమంది ముందు పెట్టాలని ఇంట్లోనే షరతు పెట్టుకోండి.

వర్క్‌షాపులో ఆడపిల్ల నెగ్గుకు రాగలదా అన్నారు. తప్పకుండా రాగలదు. విజయవాడ ఆటోనగర్‌కు వేసవి సెలవుల్లో మొదటి కొన్నిసార్లు నాన్నగారు తోడు వెళ్లాలి. పాత కార్ల వైపర్ మోటార్లు అక్కడ దొరుకుతాయి. పన్నెండు వోల్టులతో నడుస్తాయి, లోపల మర లాంటి వర్మ్ గేరు ఉండటం వల్ల బరువును ఎత్తి ఆపి ఉంచగలవు. చవితి పందిళ్లలో తల ఊపే బొమ్మల వెనక చాలాచోట్ల ఉండేది ఇవే. గేరు ఎందుకు అరుగుతుందో, బేరింగు ఎప్పుడు మోగుతుందో పాతికేళ్లుగా చేసిన మేస్త్రి పది నిమిషాల్లో చెప్పేది ఏ తరగతిలోనూ దొరకదు. జుట్టు గట్టిగా ముడి వేసుకోవాలి, చున్నీ ఇంట్లో వదిలేయాలి, బూట్లు వేసుకోవాలి. ఈ మూడింటిలో మినహాయింపు వద్దు. వీలైతే తోలుబొమ్మలాట కూడా దగ్గరి నుంచి చూపించండి. భుజం, మోచేయి, మెడ వేరువేరు ముక్కలుగా కోసి దారపు ముడితో కలిపిన తీరు చూస్తే, ఎక్కడ కీలు పెడితే బొమ్మకు ప్రాణం వస్తుందో తెలుస్తుంది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే.

కిట్ ఇప్పుడు కొనవద్దు. అందులో అన్నీ ముందే కొలిచి, కోసి ఉంటాయి. చెప్పిన చోట బిగించడమే మిగులుతుంది. ఆ డబ్బులో కొంత భాగంతోనే మంచి మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, పన్నెండు వోల్టుల పవర్ సప్లయి, ఒక ఆర్డునో, రెండు లోహపు గేర్ల సర్వోలు, ఫ్యూజులు వస్తాయి. మోటారు పనులన్నీ పన్నెండు వోల్టుల లోపే ఉండాలి, ఇంటి కరెంటును నేరుగా ముట్టుకోకూడదు. నెమలిని మళ్లీ చేయమనండి. ఈసారి అట్ట బదులు పలుచటి ప్లైవుడ్‌తో, పిల్లల వేలు ఇరుక్కోని విధంగా, వచ్చే కొలువు తొమ్మిది రోజులూ ఎవరూ సరిచేయకుండా నడిచేలా చేయాలి. ఎప్పుడు ఆగిపోయిందో, ఎందుకు ఆగిందో, ఏం మార్చిందో తేదీ వేసి బొమ్మలతో ఒక పుస్తకంలో రాసుకోమనండి. డిజైన్ సీటు ఇంటర్వ్యూలో పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనుల సంకలనం, అడిగిన చోట ముందు పెట్టాల్సింది ఆ పుస్తకమే.