ట్రింకోమలీలో ఓడ ఆగేది తొమ్మిది గంటలు, మీ చేతికొచ్చేది ఆరు

విజయవాడ నుంచి అమ్మానాన్నలతో వెళ్ళి చెన్నైలో క్రూజ్ ఎక్కుతున్నామనీ, ఓడ శ్రీలంకలోని ట్రింకోమలీలో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆగుతుందనీ, ఓడవాళ్ళ బస్సు టూరు తీసుకోవాలా, సొంతంగా తిరగొచ్చా అనీ అడిగారు. సొంతంగానే తిరగండి. కానీ కొండ మీది కోణేశ్వరం శివాలయం ఒక్కటీ తృప్తిగా చూసుకోండి, చాలు.

ముందు టైము లెక్క. ఓడ 8కి జెట్టీకి చేరినా, ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ వాళ్ళు కాగితాలు చూసి సరే అనేదాకా ఒక్కరినీ దింపరు. తర్వాత మెట్ల దగ్గర లైను. కాలు నేల మీద పెట్టేసరికి 9:30 అనుకోండి. 5 గంటలు అనేది ఓడ కదిలే టైము, మీరు ఎక్కాల్సిన టైము కాదు. అది అరగంటో గంటో ముందే ఉంటుంది, ముందు రోజు రాత్రి గదిలో పెట్టే కాగితంలో రాస్తారు. 4:30 అని ఉంటే మీరు 3:30కే పోర్టు గేటు దగ్గర ఉండాలి, ఎందుకంటే ఆఖరి గంటలో అందరూ ఒకేసారి వస్తారు, సంచులన్నీ స్కానింగుకి పెట్టాలి. మిగిలింది ఆరు గంటలు. శ్రీలంక గడియారం మనదీ ఒకటే కాబట్టి టైము మార్చుకునే గొడవ మాత్రం లేదు.

ఆ ఆరు గంటల్లో నాలుగు చోట్లు చూపిస్తామంటుంది బస్సు టూరు. ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి తలలు లెక్కపెట్టడం, బాత్రూముకి వెళ్ళినవాళ్ళ కోసం ఆగడం... ఒక్కో చోట పావుగంట నష్టం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి అది విహారం కాదు, శిక్ష. దీన్ని "శ్రీలంక దర్శనం" అని అమ్మే ఏజెంట్లను చూస్తే ఒళ్ళు మండుతుంది.

ట్రింకోమలీ హార్బర్ చాలా పెద్దది, ప్రపంచంలోని లోతైన సహజ రేవుల్లో ఒకటి. అందుకే ఓడ ఏ జెట్టీకి వస్తుందో, అక్కడి నుంచి ఊరు ఎంత దూరమో రిసెప్షన్‌లో ముందే అడగండి. గేటు బయట ఆటో మాట్లాడేటప్పుడు రేటు శ్రీలంక రూపాయల్లోనా, మన రూపాయల్లోనా తేల్చుకుని కాగితం మీద అంకె రాయించుకోండి. మన రూపాయికి వాళ్ళవి మూడు పైనే వస్తాయి. "రెండు వేలు" అన్న మాట రెండు దేశాల్లో రెండు రకాలు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. 2024 ఫిబ్రవరి నుంచి శ్రీలంకలో యూపీఐ వచ్చింది గానీ, ఆటోకీ కొబ్బరికాయకీ చిల్లర నోట్లు ఉంచుకోండి. రానూపోనూ, అక్కడ ఆగడానికీ కలిపి మాట్లాడి, డబ్బు చివర్లో ఇవ్వండి.

గుడికి పొద్దున్నే వెళ్ళాలి. మధ్యాహ్నం తలుపులు వేస్తారు, పైగా చెప్పులు విడిచాక ఎండకి బండలు కాలిపోతాయి. నాన్నగారికి నూలు సాక్సులు పెట్టండి. దారి ఫ్రెడరిక్ కోటలోంచే పోతుంది. అది ఇప్పటికీ సైన్యం ఉండే చోటు, సిపాయిల ఫొటోలు తీయకండి. లోపల జింకలు మేకల్లా తిరుగుతుంటాయి, వాటి దగ్గర ప్లాస్టిక్ కవర్లు పారేయకండి. చివరి ఎక్కుడు అంగళ్ళ మధ్య నుంచి. అమ్మగారిని తొందరపెట్టకుండా నడిపించండి.

మన ఇళ్ళలో చదువుకునే అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం మొదలయ్యేదే "లంకాయాం శాంకరీదేవీ" అని. ఆ శాంకరీదేవి ఇక్కడే. పాత గుడిని 1620ల్లో పోర్చుగీసువాళ్ళు కూల్చి ఆ రాళ్ళతో కోట కట్టారు. ఇప్పుడున్నది తర్వాత కట్టింది. గుడి వెనక కొండ నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతుంది. అంచున ఒక చెట్టు, దాని కొమ్మలకు అరచేతిలో పట్టేంత చెక్క ఉయ్యాలలు. పిల్లలు కావాలని మొక్కుకున్నవాళ్ళు కట్టినవి. కొన్ని ఎండకి వెలిసిపోయి, కొన్ని కొత్త గుడ్డపీలికలతో, గాలికి ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. అక్కడ అరగంట కూర్చోండి. బస్సులో వచ్చినవాళ్ళకి ఆ అరగంట దొరకదు.

ఈ రేవు మీద జపాన్ విమానాలు 1942 ఏప్రిల్ 9న బాంబులు వేశాయి. మూడు రోజుల ముందు, 6వ తేదీన, విశాఖ, కాకినాడల మీద వేసిందీ వాళ్ళే. ఆ రోజులు విన్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే చెప్పండి, ఆ నీళ్ళను వేరేగా చూస్తారు.

టైము మిగిలితేనే కన్నియా వేడినీటి బావులు. ఊరికి పడమర ఎనిమిది కిలోమీటర్లు ఉంటుంది. చిన్న చదరపు బావులు ఏడు, ఒక్కోదానిలో వేడి ఒక్కో రకం. తోడి పోసుకోవడమే, మునగడానికి కాదు. ఒంటిగంట దాటితే ఆ ఆలోచన మానుకోండి.

ఇక వెళ్ళే ముందు పనులు. చెన్నైకి ఒక రోజు ముందే చేరండి. గుంటూరు బంధువులు కూడా వస్తుంటే తెనాలిలో ఎక్కమనండి, మెయిన్ లైను అదే. పులిహోర, ఆవకాయ జాడీ ఓడలోకి రానివ్వరు, ఓడలోని పళ్ళు ఒడ్డుకి దించనివ్వరు. సముద్రంలో ఫోన్ ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచండి, లేకపోతే ఓడ నెట్‌వర్క్ తనంతట తానే పట్టుకుని బిల్లు వేలల్లో వస్తుంది. పాస్‌పోర్టులు ఓడవాళ్ళు దగ్గర పెట్టుకునే పక్షంలో జిరాక్సు ఒకటి ఒంటి మీద ఉండాలి. గదిలో పెట్టే ఆ కాగితంలో స్థానిక పోర్టు ఏజెంటు నంబరు ఉంటుంది, దాన్ని ఫోన్లో కాకుండా పేపరు మీద రాసుకుని అమ్మగారి పర్సులో పెట్టండి. ఓడ తప్పిపోతే మొదట చేయాల్సిన ఫోను ఆ నంబరుకే. మీ ఓడ తర్వాత ఆగేది జాఫ్నా దగ్గరి కంకేశంతురై రేవు అయితే, రోడ్డు మీద కారులో అయిదారు గంటల్లో అక్కడికి వెళ్ళి అందుకోవచ్చు.