బ్యాంకు వేలంలో ఇల్లు కొన్నాం, మీటరు మాత్రం తిరగట్లేదు

ప్రశ్న: ఉప్పల్ దగ్గర బ్యాంకు వేలంలో ఒక జీ ప్లస్ వన్ ఇల్లు కొన్నామండీ. డబ్బంతా కట్టేశాం, సేల్ సర్టిఫికెట్ రిజిస్టర్ అయింది, తాళాలూ చేతికొచ్చాయి. తీరా చూస్తే కరెంటు లేదు. పాత ఓనరు ఏడాదిన్నరగా బిల్లు కట్టలేదట, 41 వేలు బాకీ ఉంది, అది కడితేనే కనెక్షన్ అంటున్నారు. నల్లా బిల్లుదీ అదే కథ. బ్యాంకుని అడిగితే మాకు సంబంధం లేదన్నారు. ఎవరో వాడుకున్న కరెంటుకి మేమెందుకు కట్టాలి? వచ్చే నెల పాలు పొంగించుకుని దిగాలనుకున్నాం. అప్పటిదాకా మా ఇంట్లోంచి వైరు లాక్కోండి అని పక్కింటివాళ్ళు అంటున్నారు. లాక్కోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ వైరు సంగతి. వద్దమ్మా. పక్కింటాయన మంచి మనసుతోనే అని ఉంటారు గానీ, ఒక ఇంటికిచ్చిన కరెంటు ఇంకో ఇంటికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అది అనధికార వాడకం, రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు, అదీ మీకు కాదు, సాయం చేసిన ఆయనకి. ఇక స్తంభం మీంచి నేరుగా లాగితే 135వ సెక్షన్, అంటే దొంగతనం. గృహప్రవేశానికి ముందే ఈ టెన్షన్ ఎందుకు? రంగులు, రిపేర్ల కోసమైతే చిన్న జనరేటర్ అద్దెకి తెచ్చుకోండి.

ఇక అసలు ప్రశ్న. మీ కోపం న్యాయమైనదే, కానీ చట్టం మీ వైపు లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కరెంటు సరఫరాకి ఉన్న షరతుల్లోనే ఈ మాట ఉంది: ఇల్లు అమ్మేవాడు బాకీ తీర్చి అమ్మాలి, తీర్చకపోతే ఆ ఇంటికి పాత కనెక్షన్ గానీ కొత్త కనెక్షన్ గానీ ఇవ్వకుండా డిస్కమ్ (కరెంటు సరఫరా చేసే సంస్థ) ఆపొచ్చు. వేలంలో కొన్నవాళ్ళకీ ఇది వర్తిస్తుందా అన్న వాదన చాలా ఏళ్ళు నడిచింది. చివరికి 2023 మే 19న, కేరళ విద్యుత్ బోర్డు కేసులో, సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ తేల్చేసింది, షరతుల్లో అలా రాసి ఉంటే వేలంలో కొన్నవాళ్ళ దగ్గరా వసూలు చేసుకోవచ్చని. మీ వేలం నోటీసు తీసి చూడండి, 'ఉన్నది ఉన్నచోట, ఉన్నట్టుగా' అని అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క ఒకటి తప్పకుండా ఉంటుంది. బ్యాంకువాళ్ళు చేతులు దులుపుకునేది ఆ ముక్క పట్టుకునే.

రెండేళ్ళు దాటిన బాకీ కట్టక్కర్లేదని ఎవరైనా చెప్తారు, నమ్మకండి. మీది ఎలాగూ ఏడాదిన్నరే, పైగా ఆ రెండేళ్ళ మాట కరెంటు కట్ చేసి వసూలు చేయడానికి సంబంధించినది, అప్పు అప్పుగానే ఉంటుందని అదే తీర్పులో ఉంది.

అలాగని 41 వేలూ తల వంచుకుని కట్టెయ్యమని కాదు, ఇక్కడే కాస్త ఓపిక పట్టాలి. లైన్‌మన్ నోటితో చెప్పిన లెక్క లెక్క కాదు. ఈఆర్వో ఆఫీసుకి (కరెంటు బిల్లుల లెక్కలు చూసే ఆఫీసు) వెళ్ళి ఆ సర్వీసు నంబరు లెడ్జర్, అంటే ఖాతా లెక్క, అడగండి, రాతపూర్వకంగా అర్జీ పెట్టి మరీ. అందులో చివరి రీడింగ్ ఎప్పుడు తీశారు, కనెక్షన్ ఎప్పుడు కట్ చేశారు (వాళ్ళ భాషలో యూడీసీ అయింది అంటారు), ఆ తర్వాత ఎన్ని నెలలు కనీస చార్జీ వేశారు, సర్‌చార్జి ఎంత, ఇవి విడివిడిగా చూడాలి. కట్ చేశాక మూడు నెల్లు చూసి, ఒక నెల నోటీసిచ్చి అగ్రిమెంట్ రద్దు చేయాలన్నది వాళ్ళ రూలే. అంటే కట్ అయిన నాటి నుంచి సుమారు నాలుగు నెలలు. ఆ తర్వాత కూడా నెలనెలా బిల్లు పడుతూనే ఉంటే అది ఎందుకు పడిందో వాళ్ళే చెప్పాలి. పాత ఓనరు సెక్యూరిటీ డిపాజిట్ ఆ ఖాతాలోనే ఉంటుంది, దాన్ని బాకీలోంచి తగ్గించారా అని తప్పకుండా అడగండి. మా తమ్ముడు వాళ్ళది ఇలాంటి కేసే, డిపాజిట్ తగ్గించడం మర్చిపోయారు, మూడోసారి వెళ్ళి లెడ్జర్ ముందు పెట్టుకుని అడిగితే గానీ ఒప్పుకోలేదు.

వడ్డీ గురించి ఒక చిన్న మాట. పైన చెప్పిన తీర్పులోనే, వేలంలో కొన్నవాళ్ళు కరెంటుకి దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అసలు మీద పెరిగిన వడ్డీని మాఫీ చేయమంది కోర్టు. అది ఆ కేసులవరకే చెప్పిన మాట, మీకు హక్కుగా రాదు. అయినా అర్జీలో రాయడానికి ఏం పోయింది? దరఖాస్తు మాత్రం ఈ రోజే పెట్టి, తేదీతో అందినట్టు రశీదు తీసుకోండి. లెక్క మీద అభ్యంతరం ఉంటే, 'అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను' అని కాగితం ఇచ్చి కట్టేసి, తర్వాత వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకి వెళ్ళొచ్చు, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. కట్టకుండా వాదిస్తూ కూర్చుంటే చీకట్లో ఉండేది మీరే కదా.

కాగితాలు: రిజిస్టరైన సేల్ సర్టిఫికెట్, బ్యాంకు మీకు ఇల్లు అప్పజెప్పినట్టు రాసిచ్చిన లెటరు, ఆధార్, ఇంటి పన్ను రశీదు. పేరు మార్పుకి పాత ఓనరు సంతకం మీకెలాగూ దొరకదు, దాని బదులు ఇండెమ్నిటీ బాండ్ (రేపు ఏదైనా తేడా వస్తే నష్టం నేనే భరిస్తానన్న హామీపత్రం) అడిగితే రాసివ్వండి. బాకీ తేలి అన్నీ సరిగ్గా ఉంటే, కొత్త లైను వేయక్కర్లేని చోట మెట్రో నగరాల్లో 3 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలని 2024లో కేంద్రం నిబంధన సవరించింది, గుర్తుంచుకోండి.

మీటరు సీలు తెగి ఉంటే ముట్టుకోకండి, ఫొటో తీసి కరెంటు ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకి) ఫిర్యాదు ఇవ్వండి, లేకపోతే రేపు ఆ నింద మీ మీదకే వస్తుంది. ఇంకోటి, ఇన్నాళ్ళు మూసి ఉన్న ఇల్లు, ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి, వెళ్ళేవాళ్ళు ఫ్యాన్లూ స్విచ్‌లూ పీక్కుపోవడం కూడా మామూలే, బోర్డుల్లో వైర్లు వేలాడుతూ ఉంటాయి. కరెంటు వచ్చే రోజుకి ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మెగ్గర్‌తో (వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే పరికరం) వైరింగ్ చెక్ చేయించండి, మెయిన్ ఆఫ్‌లో పెట్టి ఉంచండి. బోరు మోటారు పట్టేసి ఉంటుంది, ఒక్కసారిగా స్విచ్ వేస్తే కాలిపోతుంది.

నల్లా సంగతీ దాదాపు ఇంతే. జలమండలికి క్యాన్ నంబరుతో (నల్లా బిల్లు మీద ఉండే ఖాతా నంబరు) వెళ్ళి బాకీ వివరం తీసుకుని, పేరు మార్పించుకోండి. నెలకి 20 వేల లీటర్ల ఉచిత పథకానికి పని చేసే మీటరు, ఆధార్ లింకు కావాలి, పాతాయన ఆధారే ఉండిపోతే మీకు రాదు. నీళ్ళు వచ్చాక మొదటి రోజు ఎర్రగా వస్తాయి, సంపూ ట్యాంకూ కడిగించకుండా వంటకి వాడకండి.

ప్రశ్న: విజయవాడలో ఒక ఫ్లాట్ వేలానికి వచ్చింది. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) క్లియర్‌గా ఉంది. పాడాలా వద్దా?
– ఒక పాఠకుడు

జవాబు: ఈసీలో కరెంటు బాకీ కనపడదండీ, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బాకీ అసలే కనపడదు. తలుపు పక్కన మీటరు మీద సర్వీసు నంబరు రాసుకుని ఆన్‌లైన్‌లో బకాయి చూడండి, ఇంటి పన్నూ అలాగే చూడండి, అసోసియేషన్ సెక్రటరీని కలిసి మాట్లాడండి. నోటీసులో పొసెషన్ (స్వాధీనం) 'సింబాలిక్' (కాగితం మీద మాత్రమే) అని ఉందా 'ఫిజికల్' (నిజంగా బ్యాంకు చేతిలో) అని ఉందా చూసుకోండి, సింబాలిక్ అయితే లోపల మనుషులు ఉన్నట్టే, వాళ్ళు ఖాళీ చేసేదాకా బిల్లు పెరుగుతూనే ఉంటుంది. ఇవన్నీ కూడి, మీరు పాడదలచుకున్న గరిష్ఠ రేటులోంచి ముందే తీసేసి అప్పుడు పాడండి.