ఇండీ రాక్ ఎక్కడ మొదలుపెట్టాలంటే నా జవాబు యో లా టెంగో

సినిమా పాటలు, కొంచెం మెటల్ విని పెరిగినవాళ్ళు ఇండీ రాక్‌లోకి రావాలంటే ఏ బ్యాండ్, ఏ ఆల్బమ్, మీకు బాగా ఇష్టమైన పాటలేవి అని అడిగారు. ఇండీ రాక్ అంటే పెద్ద కంపెనీల అండ మీద ఆధారపడకుండా తమ దారిన తాము చేసుకునే రాక్ సంగీతం. నా జవాబు ఒకటే బ్యాండ్, యో లా టెంగో. పది బ్యాండ్ల పేర్లు, ఒక్కోదానికి ఒక్కో పాట చొప్పున ఇచ్చేయొచ్చు, కానీ అలా విన్నవాళ్ళకి ఈ సంగీతం మనిషిని ఎందుకింత పట్టుకుంటుందో అంతుపట్టదు. ఒకే బ్యాండ్ తీసుకుని, ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరస మార్చకుండా వినండి. షఫుల్ పెట్టొద్దు. ఈ బ్యాండ్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే వీళ్ళ దగ్గర చెవులు హోరెత్తించే గోల ఉంటుంది, పక్కవాళ్ళకి వినపడనంత మెల్లగా పాడే పాటలూ ఉంటాయి, ఒకదాని పక్కన ఒకటి పెడితేనే రెండూ వికసిస్తాయి.

ముందు వాళ్ళెవరో చెప్తాను. న్యూజెర్సీలో హడ్సన్ నది ఒడ్డున, మాన్‌హటన్‌కి ఎదురుగా హోబోకెన్ అని చిన్న ఊరు. అక్కడ 1984లో ఐరా కప్లాన్, జార్జియా హబ్లీ ఈ బ్యాండ్ మొదలుపెట్టారు. ఇద్దరూ భార్యాభర్తలు. ఆయన గిటార్, ఆర్గాన్, ఆవిడ డ్రమ్స్, పాడటం ఇద్దరూ. ఐరా బ్యాండ్‌కి ముందు రాక్ మీద వ్యాసాలు రాసిన మనిషి, జార్జియా అమ్మానాన్నలు జాన్, ఫెయిత్ హబ్లీ యానిమేషన్ సినిమాలకి ఆస్కార్లు అందుకున్నవాళ్ళు. 90ల మొదట్లో బేస్ వాయించే జేమ్స్ మెక్‌న్యూ వచ్చి చేరాక బ్యాండ్ స్థిరపడింది, ఇప్పటికీ అదే ముగ్గురు. నలభై ఏళ్ళలో జనం నోట నానిన పెద్ద హిట్ ఒక్కటి కూడా లేదు, అయినా ఆగలేదు, విడిపోలేదు, ఒకళ్ళకోసం తమ పద్ధతి మార్చుకోలేదు. నాకు వాళ్ళంటే అంత గౌరవం ఉండటానికి సగం కారణం అదే.

నేనుండేది జెర్సీ సిటీలో. ఇక్కడ మన తెలుగువాళ్ళు బోలెడుమంది, న్యూజెర్సీ, న్యూయార్క్ మధ్య నడిచే పాత్ ట్రైన్లో హోబోకెన్ వైపు రోజూ తిరిగేవాళ్ళే, కానీ ఆ పక్క ఊళ్ళో ఇలాంటి బ్యాండ్ ఉందని నేను చెప్తే తప్ప మావాళ్ళలో ఎవరికీ తెలియలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మొదట వినాల్సింది 1997లో మాటడార్ లేబుల్ మీద వచ్చిన ‘ఐ కెన్ హియర్ ద హార్ట్ బీటింగ్ యాజ్ వన్’. పదహారు ట్రాక్‌లు, గంట దాటుతుంది. దీన్ని ప్రొడ్యూసర్ రోజర్ మూటెనాట్‌తో కలిసి నాష్‌విల్‌లో రికార్డ్ చేశారు. అందరూ ముందు ‘ఆటమ్ స్వెటర్’ గురించే చెప్తారు, నేనూ అదే చెప్తాను, ఎందుకంటే అది నిజంగా అంత గొప్ప పాట. రాక్ పాటే గానీ గిటార్ ఉండదు. ఆర్గాన్, బేస్, డ్రమ్స్ అంతే. నలుగురిలో ఇమడలేని సిగ్గరి మనిషి, తనలాంటి ఇంకో మనిషితో కలిసి అక్కణ్ణించి మెల్లగా తప్పుకోవాలనుకోవడం, ఆ పాటలో ఉన్నది ఇంతే, ఐరా దాన్ని గొంతు పెంచకుండా పక్కన కూర్చుని చెప్తున్నట్టు పాడతాడు. అది అవ్వగానే ‘లిటిల్ హోండా’ వస్తుంది, బీచ్ బాయ్స్ అనే పాత అమెరికన్ బ్యాండ్ పాటకి కవర్, అంటే వాళ్ళ పాటని వీళ్ళు తమ పద్ధతిలో వాయించారు, గిటార్ మొత్తం గరగరలాడుతూ ఉంటుంది. ఆ వెంటనే ‘గ్రీన్ ఆరో’, మాటలు లేవు, కీచురాళ్ళ చప్పుడు, దాని మీద గిటార్ నిదానంగా జారుతూ ఉంటుంది. ఈ మూడూ ఇదే వరసలో వినకపోతే మీకు దొరికేది మూడు విడి పాటలు మాత్రమే.

ఇదే ఆల్బమ్‌లో చివరికొచ్చేసరికి ‘సెంటర్ ఆఫ్ గ్రావిటీ’ అని బ్రెజిల్ వాళ్ళ బోసా నోవా సంగీతంలా సుతిమెత్తని పాట ఉంటుంది, దాని వెనకే ‘స్పెక్ బీబాప్’, పది నిమిషాలు దాటి ఒకటే ఆర్గాన్ రొద. చాలామంది అభిమానులు కూడా దాన్ని దాటేస్తారు. దయచేసి దాటకండి. ఆ పది నిమిషాలు కూర్చుని విన్నాక ‘వియార్ ఏన్ అమెరికన్ బ్యాండ్’, చివర్లో జార్జియా పాడిన ‘మై లిటిల్ కార్నర్ ఆఫ్ ద వరల్డ్’ వినండి, ఆ గొంతులోని చల్లదనం అప్పుడు తెలుస్తుంది. ఆ చివరి పాట కూడా ఒక పాత పాటకి కవరే. ఇంకో సంగతి, మెక్‌న్యూ పాడిన ‘స్టాక్‌హోమ్ సిండ్రోమ్’ మధ్యలో ఐరా గిటార్ సోలో ఒకటి వస్తుంది, అంత లేత గొంతు తర్వాత అంత చిందరవందరగా వాయించే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి. ‘షుగర్‌క్యూబ్’ వీడియో కూడా చూడండి, కమెడియన్లు బాబ్ ఓడెన్‌కిర్క్, డేవిడ్ క్రాస్ ఉంటారు, బ్యాండ్‌ని రాక్ స్కూల్‌కి పంపిస్తారు.

మొదలుపెట్టడానికి అది. కానీ నా లెక్కలో అన్నిటికన్నా పైనుండేది 2000లో వచ్చిన ‘అండ్ దెన్ నథింగ్ టర్న్‌డ్ ఇట్‌సెల్ఫ్ ఇన్‌సైడ్ అవుట్’. దీని మీద నాతో వాదించేవాళ్ళు చాలామందే ఉన్నారు, నిద్రొస్తుందంటారు, స్పీడ్ లేదంటారు. నిజమే, ‘చెర్రీ చాప్‌స్టిక్’ ఒక్కటి తీసేస్తే పెద్దగా మోగే పాటే లేదు. కానీ ఎన్నో ఏళ్ళుగా కలిసి బతుకుతున్న ఇద్దరి మధ్య ఏం జరుగుతుందో ఇంత నిజాయితీగా చెప్పిన రాక్ ఆల్బమ్ నాకు ఇంకోటి తెలియదు. ‘అవర్ వే టు ఫాల్’లో ఐరా మొదటి పరిచయం గుర్తు చేసుకుంటాడు, చిన్న చిన్న వివరాలే. ‘ద క్రయింగ్ ఆఫ్ లాట్ జీ’లో దంపతుల మధ్య మాట తేడా వచ్చింది, దాన్ని దాదాపు మాట్లాడుతున్నట్టే చెప్తాడు, కోపం లేదు, ఎందుకిలా అవుతోంది అన్న అయోమయం ఉంది. మన పాటల్లో ప్రేమ పుట్టడం, విరహం పుష్కలంగా ఉంటాయి. పెళ్ళయి ఏళ్ళు గడిచాక మామూలు రోజు రాత్రి వంటింట్లో వచ్చే చిన్న గొడవ మీద పాట ఎక్కడుంది? నాకు ఇక్కడ దొరికింది. అట్ట మీది ఫొటో గ్రెగరీ క్రూడ్‌సన్‌ది, చివరి పాట ‘నైట్ ఫాల్స్ ఆన్ హోబోకెన్’ పదిహేడు నిమిషాలు. ఈ ఆల్బమ్ రాత్రి పూట, ఫోన్ పక్కన పెట్టి, హెడ్‌ఫోన్స్‌లో వినండి, కార్లో వద్దు.

వీటికి ముందు 1993లో ‘పెయిన్‌ఫుల్’ వచ్చింది. వరస, గోల, నిశ్శబ్దం అని నేను మొదటి నుంచీ అంటున్నది అర్థం కావాలంటే ఇదే బాగా పనికొస్తుంది, ఎందుకంటే ‘బిగ్ డే కమింగ్’ అనే పాట ఇందులో రెండుసార్లు ఉంది. మొదటి ట్రాక్‌గా ఏడు నిమిషాలు, ఆర్గాన్ మన తంబురా శ్రుతిలా కదలకుండా నిలబడి ఉంటే దాని మీద పాట నెమ్మదిగా సాగుతుంది. చివరికి ఒక పాట ముందు అదే పాట మళ్ళీ వస్తుంది, ఈసారి గిటార్లు విరుచుకుపడతాయి. మాటలు అవే, మనిషి మాత్రం వేరే మనిషిలా వినిపిస్తాడు. ఆఖర్న ‘ఐ హర్డ్ యూ లుకింగ్’, మాటల్లేని పాట, ఒకే చిన్న బాణీ తిప్పి తిప్పి వాయిస్తూ పోతారు, అది ఎక్కడ పెరిగిందో మనం పట్టుకోలేం.

ఒక్క పాటే చెప్పమంటే? ‘బ్లూ లైన్ స్వింగర్’. 1995లో వచ్చిన ‘ఎలెక్ట్రోపురా’లో చివరిది, తొమ్మిది నిమిషాలు. ఆర్గాన్ మోగుతూ ఉంటుంది, డ్రమ్స్ వెతుక్కుంటున్నట్టు అక్కడొక దెబ్బ ఇక్కడొక దెబ్బ, తాళం కుదరదు, కుదురుతుంది, మళ్ళీ జారుతుంది, నాలుగు నిమిషాలు అలా గడిచాక అంతా ఒక్కటై పరుగందుకుంటుంది, అప్పుడు జార్జియా గొంతు వస్తుంది. నాకు మనసు బాగోలేని రోజుల్లో, ఆఫీసు టెన్షన్ ఎక్కువైన రోజుల్లో చాలాసార్లు ఆసరా అయిన పాట ఇది. సగంలోంచి వింటే ఏమీ ఉండదు.

మిగతావి త్వరగా చెప్తాను. 1990 నాటి ‘ఫేక్‌బుక్’ ఎక్కువ భాగం కవర్లు, మెత్తగా ఉంటుంది, ఇంట్లో అందరూ ఉండగా కూడా పెట్టుకోవచ్చు. 2003 నాటి ‘సమ్మర్ సన్’ నాకు మొదటి సగమే ఎక్కింది. 2009 నాటి ‘పాపులర్ సాంగ్స్’లో చివరి మూడు పాటలే అరగంట దాటుతాయి, దానికి ఓపిక వచ్చాక వెళ్ళండి. 2013 నాటి ‘ఫేడ్’ని షికాగోలో జాన్ మెకెంటైర్ ప్రొడ్యూస్ చేశాడు, మొదటి పాట ‘ఓమ్’ వాళ్ళ పాటలన్నిటిలో కల్లా ధైర్యమిచ్చే పాట. 2023 నాటి ‘దిస్ స్టుపిడ్ వరల్డ్’ వాళ్ళే సొంతంగా రికార్డ్ చేసుకున్నారు. దాని మొదటి పాట పేరులో ఉన్న సినాట్రా డ్రైవ్ హోబోకెన్‌లో నది పక్క రోడ్డే, గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పుట్టింది ఆ ఊళ్ళోనే మరి. ఇన్నేళ్ళ తర్వాత కూడా గిటార్ అలా మోగుతోందంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అందులో జార్జియా పాడిన ‘ఆసెలెస్టీన్’ వదలొద్దు.

లైవ్ గురించి. హోబోకెన్‌లో వాషింగ్టన్ స్ట్రీట్ మీద మాక్స్‌వెల్స్ అని చిన్న క్లబ్ ఉండేది, 2001 నుంచి యూదుల హనుకా పండగ ఎనిమిది రాత్రులూ అక్కడ వాయించేవాళ్ళు. ఆ వచ్చిన డబ్బు సేవా సంస్థలకి ఇచ్చేవాళ్ళు. ఏ రాత్రి పాటలు ఆ రాత్రివే. 2013లో మాక్స్‌వెల్స్ మూతపడింది, తర్వాత 2017 నుంచి ఆ షోలు న్యూయార్క్‌లో బావరీ బాల్‌రూమ్‌కి మారాయి. ఇటువైపు ఉన్నవాళ్ళు డిసెంబర్‌లో టికెట్ల కోసం ముందు నుంచే చూసుకోండి, త్వరగా అయిపోతాయి. టికెట్ దొరక్కపోతే జెర్సీ సిటీలోనే డబ్ల్యూఎఫ్ఎంయూ అనే రేడియో స్టేషన్ ఉంది, శ్రోతల విరాళాల మీద నడుస్తుంది. దాని విరాళాల సేకరణకి ఈ బ్యాండ్ ఎన్నోసార్లు వచ్చి, డబ్బిచ్చినవాళ్ళు అడిగిన ఏ పాటైనా రిహార్సల్ లేకుండా వాయించింది. తప్పులు దొర్లుతాయి, ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు సర్దుకుంటూ పాట పూర్తి చేస్తారు.

సరే, మీరు ముందు 1997 ఆల్బమ్, తర్వాత ‘పెయిన్‌ఫుల్’, ఆ తర్వాత 2000 ఆల్బమ్ వినండి. ‘బిగ్ డే కమింగ్’ రెండింట్లో మీకేది నచ్చిందో చెప్పండి, నాకైతే గోలగా ఉన్నదే.